గడ్డం అతికించినట్టు కనపడొద్దంటే ఎట్లా? మీ ప్రశ్నలు, మేకప్ అన్న జవాబులు

స్కూళ్లలో యాన్యువల్ డేలు, అపార్ట్‌మెంట్లలో కల్చరల్ ప్రోగ్రాములు, ఆఫీసుల్లో క్రిస్మస్ పార్టీలు అన్నీ ఒకేసారి మీద పడే సీజన్ కదా, అందుకే అనుకుంటా ఈసారి వచ్చిన మెయిల్స్ దాదాపు అన్నీ గడ్డాల మీదే ఉన్నాయి. ఒకేలాంటివి కలిపేశాం, చాలామంది పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఏరియా మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబు సెకండ్ క్లాస్ అండీ. ఫ్యాన్సీ డ్రెస్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ వేషం వేయిస్తున్నాం. బేగంబజార్‌లో ఎలాస్టిక్ ఉన్న తెల్ల గడ్డం తెచ్చాను కానీ పెడితే అస్సలు ఠాగూర్‌లా లేడు, పైగా దురద అని రెండు నిమిషాల్లో పీకేస్తున్నాడు. గమ్ముతో అంటించే గడ్డం కొనమంటారా?
(ఒక అమ్మ, కొత్తపేట)

జవాబు: వద్దమ్మా, ఎలాస్టిక్ గడ్డమే కరెక్ట్, మార్చకండి. ఆ వయసు పిల్లల మొహం మీద గమ్ము జోలికి పోవద్దు, చర్మం పల్చగా ఉంటుంది, తీసేటప్పుడు ఏడుస్తాడు, ఇంకోసారి ఏ వేషానికీ ఒప్పుకోడు. తెచ్చినదాన్నే బాగు చేసుకుందాం.

ఆ ప్యాకెట్ గడ్డాలతో ఉన్న గొడవేంటంటే వెంట్రుక మరీ ఒత్తుగా ఉంటుంది, ట్యూబులైటు కింద తళతళ మెరుస్తుంది, కింద స్కేలు పెట్టి కోసినట్టు సమంగా ఉంటుంది. నిజం గడ్డానికి ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు. సో ముందు దాన్ని తిరగేయండి, వెంట్రుకలు కుట్టిన గుడ్డ కనపడుతుంది, అక్కడ కుట్టు దగ్గరికి కత్తెర పెట్టి అక్కడో పాయ ఇక్కడో పాయ తీసేయండి, మూడో వంతు పోయినా ఏం కాదు, ఇంకా బాగుంటుంది. మెరుపు పోవాలంటే టాల్కమ్ పౌడర్ చల్లి చేత్తో రుద్ది బాల్కనీలోకి తీసుకెళ్లి గట్టిగా దులపండి, బాబుకి పెట్టాక మాత్రం చల్లొద్దు, ముక్కులోకి పోతుంది. ఇస్త్రీ పెట్టె, స్ట్రెయిట్‌నర్ అస్సలు తగిలించకండి, అది ప్లాస్టిక్ దారం, కరిగి ముద్దయిపోతుంది. వేడినీళ్లలో తడిపి వదులుగా జడ అల్లి రాత్రంతా ఆరనిచ్చి పొద్దున విప్పితే కాస్త అల వస్తుంది, ఠాగూర్‌కి ఆ అలే కావాలి.

షేపు ఫొటో చూసి కత్తిరించండి. ఆయన గడ్డం ఛాతీ మీదకి దిగి కింద సన్నబడుతుంది, మీసాలు విడిగా ఉండవు, గడ్డంలో కలిసిపోతాయి, జుట్టు మధ్యపాపిడి తీసి మెడ మీదకి వదిలి ఉంటుంది. అసలు ఠాగూర్ అనగానే అందరూ పాల తెలుపు గడ్డం పెట్టేస్తారు కానీ 1913లో నోబెల్ వచ్చేనాటికి ఆయనకి 52 ఏళ్లే, అప్పటి ఫొటోల్లో గడ్డం ఇంకా పూర్తిగా తెల్లబడలేదు. 1919లో మన మదనపల్లెలో కూర్చుని జనగణమనకి ఇంగ్లీషు చేసిన ఠాగూర్‌ని గనక బాబు వేస్తున్నాడంటే బూడిద రంగు కలపాల్సిందే, మీ దగ్గరున్న గ్రే ఐషాడోనో బొగ్గు రంగు పెన్సిలో మీసం కింద, గడ్డం లోపలి వైపు లైట్‌గా రుద్దండి చాలు. టీచర్లు కూడా ఆగి చూస్తారు.

దురదకి మందు మల్‌మల్ గుడ్డ. పాత చున్నీ ముక్క ఒకటి గడ్డం వెనక లైనింగ్‌లా కుట్టేయండి. నోటి దగ్గర హోల్ ఉన్నదానికంటే పెద్దది చేయండి, వాడు స్టేజీ మీద రెండు లైన్లు చెప్పాలి కదా, వెంట్రుకలు నోట్లోకి పోతే మర్చిపోతాడు. ఎలాస్టిక్ తలవెనక్కి పోయి విగ్గు కింద దాగాలి, చెవుల దగ్గర తెల్ల ఎలాస్టిక్ కనపడిందా, మిగతాదంతా ఎంత బాగా చేసినా వేస్ట్. ముందురోజు సాయంత్రం ఇంట్లో పెట్టి కార్టూన్ చూడనివ్వండి, అలవాటవుతుంది.

ప్రశ్న: అన్నా, మా గేటెడ్ కమ్యూనిటీలో రామదాసు నాటకం వేస్తున్నాం, నేను తానీషా. మా ఫ్రెండ్ రామదాసు, వాడికి మామూలుగా ఒక గడ్డం, జైల్లో ఒక గడ్డం కావాలి. స్టేజీ క్లబ్‌హౌస్‌లోనే, మొదటి వరస కుర్చీలు మొహానికి ఆనుకునే ఉంటాయి, అందరూ ఫోన్లతో వీడియో తీస్తారు. ఆన్‌లైన్‌లో చూస్తే నెట్టు గడ్డం, క్రేప్, యాక్ హెయిర్, హ్యూమన్ హెయిర్ అని ఏవేవో ఉన్నాయి. ఏది కొనాలి, ఎట్లా అంటించాలి? బడ్జెట్ పెద్దగా లేదు.
(ఐటీ ఉద్యోగి, మియాపూర్)

జవాబు: తమ్ముడూ, నువ్వు చెప్పినదాంట్లో అన్నిటికంటే పనికొచ్చే ముక్క మొదటి వరస కుర్చీల గురించి. గడ్డం ఎంచుకునేటప్పుడు ఫస్టు చూడాల్సింది ఎవరు ఎంత దూరం నుంచి చూస్తున్నారనేదే. రవీంద్రభారతిలో వెనక వరసలో కూర్చున్నవాళ్లకి చెవులకి తగిలించుకునే కమ్మీ గడ్డం కూడా గడ్డంలానే కనపడుతుంది, మన పౌరాణికాలు వాటి మీదే నడిచాయి, దాంట్లో తప్పేం లేదు. కానీ ఫోన్ జూమ్ చేసేవాడికి ఒక్కచోటే దొరికిపోతాం, అంచు దగ్గర. బుగ్గ మీద చర్మం అయిపోయి గడ్డం మొదలయ్యే గీత ఉంటుంది చూడు, నిజం గడ్డానికి అక్కడ గీత ఉండదు, ఒక్కో వెంట్రుకా విడివిడిగా, పల్చగా మొదలై కిందికి పోయేకొద్దీ ఒత్తవుతుంది. ఆ పల్చదనం తెప్పించావా, లోపల ఏ వెంట్రుక వాడినా ఎవడూ అడగడు.

అందుకే నీకు నెట్టు గడ్డం. సన్నటి నెట్టు గుడ్డకి సూదితో ఒక్కో వెంట్రుకా ముడివేసి చేస్తారు, అంచులో ఒక్కో కంతకి ఒక్కటే వెంట్రుక, లోపలికి వచ్చేసరికి రెండు మూడు. కొనేముందు వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడు, అంచులో కూడా గుత్తులు గుత్తులుగా ముళ్లు కనిపిస్తే పక్కన పెట్టెయ్. చేత్తో చేసిన పని కాబట్టి కొనాలంటే ఖరీదే, ఒక్క రోజు ఆటకి కొనడం ఎందుకు, కృష్ణానగర్, యూసఫ్‌గూడ వైపు సినిమావాళ్లకి పనిచేసే మేకప్, విగ్గుల వాళ్ల దగ్గర అద్దెకి అడుగు. ఫోన్‌లో ఫొటో చూసి ఓకే చెప్పకు, వెళ్లి మొహానికి పెట్టుకుని చూడు, దవడ కొలత ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. చెవి దగ్గర నుంచి గవద (చుబుకం) కింద నుంచి ఇంకో చెవి దాకా టేపుతో కొలుచుకుని పో.

వెంట్రుక సంగతి. మన గడ్డం వెంట్రుక తలవెంట్రుక కంటే మొద్దుగా, బిరుసుగా ఉంటుంది, అందుకే తలవెంట్రుకతో చేసిన గడ్డం ఒక్కోసారి మరీ సిల్కీగా, షాంపూ యాడ్‌లా ఉంటుంది. యాక్ అంటే జడల బర్రె, దాని వెంట్రుక బిరుసు కాబట్టి గడ్డాలకి బాగా సూటవుతుంది, తెల్ల గడ్డాలకి ఇంకా బాగుంటుంది. తలవెంట్రుకకి మన దగ్గర కొరతేం లేదులే, తిరుమల కల్యాణకట్టలో ఇచ్చిన తలనీలాల్ని టీటీడీ వేలం వేసి అమ్ముతుంది, ప్రపంచమంతా విగ్గులు అవుతున్నాయి. సింథటిక్ చీప్, మెరుస్తుంది, పొట్టి గడ్డానికైతే పైన పౌడర్ కొట్టి నెట్టుకు రావచ్చు.

రంగు దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు, కటిక నలుపు తెచ్చేస్తారు. లైట్ల కింద కటిక నలుపు గడ్డం మొహం కింద చీకటి గుంటలా కనపడుతుంది, దవడ కదులుతోందో లేదో కూడా తెలీదు. నిజమైన నల్ల గడ్డంలో కూడా బ్రౌన్ ఉంటుంది, మీసం చివర్ల దగ్గర, పెదవి కింద కాస్త లేతగా ఉంటుంది. తానీషా నడివయసు కాబట్టి గవద దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు పడితే ఇంకా బాగుంటుంది, చాలామందికి నెరవడం అక్కడే మొదలవుతుంది.

షేపుకి నెట్‌లో వెతికే బదులు ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్లి దక్కనీ పెయింటింగులు చూసి రా. గోల్కొండ సుల్తాన్లది బొడ్డు దాకా వేలాడే ముని గడ్డం కాదు, దవడని పట్టుకుని ఉండే పొట్టి, పొందికైన గడ్డం. తానీషా అంటే అబుల్ హసన్ కుతుబ్ షా, 1672 నుంచి 1687 దాకా ఏలాడు, ఆఖరి సుల్తాను, ఔరంగజేబు గోల్కొండ పట్టుకుని దౌలతాబాద్ కోటలో పెట్టేదాకా దర్బారు మనిషే. దర్బారులో ఉండే మనిషి గడ్డానికి రోజూ దువ్వెన, కత్తెర పడతాయి, ఆ నీటు కనపడాలి. నీ నీటు గడ్డం పక్కన రామదాసు జైలు గడ్డం పెడితే మీ ఇద్దరి కథ డైలాగు లేకుండానే సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు అంటించడం. ముందురోజు రాత్రే షేవ్ చేసుకో, అదే రోజు చేస్తే బ్లేడు గాట్ల మీద గమ్ము పడి మంట పుడుతుంది. మొహం కడిగి బాగా తుడిచి, క్రీము నూనె ఏమీ రాయకుండా ముందు గడ్డం ఊరికే పెట్టి చూసుకో, నెట్టు చివర ఎక్కడికి వస్తోందో ఐబ్రో పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టుకో. నెట్టు అంచు మరీ ఎక్కువుంటే కొన్ని మిల్లీమీటర్లు వదిలి కత్తిరించుకోవాలి, అద్దెదైతే మాత్రం వాళ్లని అడగకుండా కత్తెర పెట్టకు. చాలా నెట్లు తెల్లవాళ్ల చర్మానికి తగ్గ రంగులో వస్తాయి, మన బుగ్గ మీద తెల్లగా పట్టీలా కనపడుతుంది, సొంతదైతే పల్చటి టీ డికాక్షన్‌లో నెట్టు ముంచి ఆరబెట్టు, అద్దెదైతే అంటించాక అంచు మీద నీ ఫౌండేషనే స్పాంజితో అద్దు.

గడ్డాలు అంటించే గమ్మునే స్పిరిట్ గమ్ అంటారు, దాన్ని చర్మానికి పల్చగా పూయాలి, నెట్టుకి కాదు. పూయగానే అంటించొద్దు, వేలితో టపటపా కొడుతూ ఉండు, వేలు పైకి లేపితే సన్నటి తీగలు సాగుతున్నాయి అన్నప్పుడు అంటించాలి. గవద మధ్య నుంచి మొదలుపెట్టి చెవుల వైపు పో, తడి గుడ్డతో నెట్టు మీద నొక్కు, వెంట్రుకల మీద కాదు. నోరు బిగించుకుని అంటించుకుంటే మొదటి డైలాగుకే లేచిపోతుంది, కాబట్టి నోరు కాస్త తెరిచి ఆ, ఈ, ఊ అంటూ అంటించుకో. మీసం, గడ్డం రెండూ వేరువేరు ముక్కలుగా ఉన్నదే తీసుకో, ఒకే ముక్కయితే పెదాల మూలల్లో లాగేసి నవ్వలేవు, తానీషా కలలో రాముణ్ని చూసిన సీనులో మొహం కదలకపోతే ఇంకేం నాటకం. అంటించడం అయ్యాక గమ్ము మెరుస్తుంది, దాని మీద పౌడర్. ఆఖరున అసలు ట్రిక్కు: సన్నగా చెక్కిన బ్రౌన్ పెన్సిల్‌తో నెట్టు అంచు దాటి చర్మం మీదకి పొట్టి పొట్టి గీతలు, వెంట్రుక మొలిచే దిక్కులో, అక్కడక్కడా. అంచు ఎక్కడుందో నీకే దొరకదు.

స్పిరిట్ గమ్‌లో ఆల్కహాల్ ఉంటుంది, నిప్పంటుకుంటుంది. గ్రీన్‌రూమ్‌లో దేవుడి దీపం పక్కన సీసా పెట్టకండి, సిగరెట్ కాల్చే ఫ్రెండుని బయటికి పంపండి. గడ్డంతో హారతి సీన్లు ఉంటే పళ్లెం దూరంగా పట్టుకోవాలి, సింథటిక్ గడ్డం అయితే ఇంకా దూరం.

మీ రామదాసుకి జైలు గడ్డం నెట్టుదే అక్కర్లేదు, క్రేప్ చాలు. క్రేప్ అంటే గొర్రె ఉన్నిని తాడుకి అల్లి అమ్ముతారు, విప్పితే స్ప్రింగుల్లా చుట్టుకుని ఉంటుంది, తడిపి కుర్చీ కాళ్లకి లాగి కట్టి ఆరబెడితే సాఫీ అవుతుంది, జైలు గడ్డానికి సగం సాఫీ అయితే చాలు, ఆ చింపిరితనమే మనకి కావాలి. నలుపు, బ్రౌన్, బూడిద మూడూ చేత్తో కలిపి చిన్న చిన్న కుచ్చులుగా కత్తిరించి పెట్టుకో. అంటించడం ఎప్పుడూ కింద నుంచి పైకి, పెంకుటింటి మీద పెంకులు పరిచినట్టు, ముందు గవద కింద వరస, దాని మీద గవద ముందు వరస, తర్వాత దవడ పక్కలు, చెవి దగ్గరికి వచ్చేసరికి నాలుగైదు వెంట్రుకల కంటే మందం ఉండకూడదు. ఒక్కో కుచ్చు చివర మాత్రమే గమ్ములో ఆనాలి. అంతా ఆరాక మెల్లిగా వేళ్లతో దువ్వితే ఊడేవి ఊడిపోతాయి, మిగిలిందాన్ని మొహం మీదే కత్తెర నిలువుగా పట్టుకుని కత్తిరించు, అడ్డంగా పడితే మళ్లీ స్కేలు పెట్టినట్టు అవుతుంది. ఫస్ట్ టైం చేసేవాళ్లకి గంట పట్టినా పడుతుంది కాబట్టి జైలు సీనుకి ముందు ఇంటర్వెల్ పెట్టుకోండి, లేదా మొదటి సగంలో రామదాసుకి మీసాలు మాత్రం పెట్టండి. పన్నెండేళ్లు గోల్కొండ జైల్లో ఉన్నాడని కదా చెప్పుకుంటాం, గడ్డం ఛాతీ దాకా వచ్చినా ఎవరూ కాదనరు, కానీ మీసం కూడా పెదవి మీదకి పడాలి, చాలామంది గడ్డం పెంచేసి మీసం మాత్రం నీటుగా ఉంచేస్తారు, జైల్లో మంగలి మీసానికి మాత్రం వచ్చాడా అనిపిస్తుంది.

ప్రశ్న: బ్రో, కాలేజీ ఫెస్ట్ రేపే, స్పిరిట్ గమ్ దొరకలేదు. ఫెవిక్విక్ కొంచెం వాడొచ్చా? లేదంటే ఫెవికాల్?
(దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ఫెవిక్విక్ మొహం దగ్గరికి తేవద్దు, చర్మం ఊడొస్తుంది, కంట్లోకి పోతే హాస్పిటలే. ఫెవికాల్ చెక్కకి. రేపటికైతే విగ్గులకి వాడే డబుల్ సైడ్ టేపు కొనుక్కో, చిన్న మీసానికైతే ఐలాష్ గమ్ కూడా ఆగుతుంది, లేటెక్స్ (రబ్బరు పాలు) పడనివాళ్లు అది లేనిది చూసి తీసుకోవాలి. ఏదీ దొరక్కపోతే గడ్డమే మానెయ్, నల్లది, బ్రౌన్‌ది మేకప్ క్రీము కలిపి రంధ్రాలు పెద్దగా ఉన్న స్పాంజితో దవడ మీద అద్దుకో, పైన పౌడర్, నాలుగు రోజుల గడ్డం వచ్చేస్తుంది. కుర్రాళ్ల స్కిట్‌కి అంతకంటే ఎక్కువ ఎందుకసలు.

ప్రశ్న: మాది పూర్తిగా ఆడవాళ్ల నాటక బృందం అండి, అన్ని మగ వేషాలూ మేమే. నాది భీష్ముడు. నాకు స్టిక్కర్ బొట్టు పెట్టుకుంటేనే దద్దుర్లు వస్తాయి, ఇక గమ్ము అంటే భయం. ఇంకోటి, మాకు కాలర్ మైకులు ఇస్తున్నారు, పోయినసారి ద్రోణుడి గడ్డం మైకుకి తగిలి హాలంతా బరబరా సౌండు. ఏం చేయాలి?
(గృహిణి, సైనిక్‌పురి)

జవాబు: మీ భయం కరెక్టే మేడమ్. స్పిరిట్ గమ్‌లో చెట్ల జిగురు ఉంటుంది, అది కొందరికి అస్సలు పడదు, స్టిక్కర్ బొట్టు గమ్ము వేరే రకమైనా మీ చర్మం ఎలాంటిదో ముందే చెప్పేసింది కదా. ఏ గమ్మయినా నాటకానికి వారం ముందు మోచేతి లోపలి మడత దగ్గర రూపాయి బిళ్లంత పూసి ఒకరోజు ఉంచండి, ఇంకో రోజు కూడా గమనించండి, ఎరుపు, దురద ఏది వచ్చినా ఆ గమ్ము మీకు లేనట్టే. నీళ్లతో చేసే యాక్రిలిక్ గమ్ములు ఉన్నాయి, ప్రాస్-ఎయిడ్ అని మేకప్‌వాళ్లని అడిగితే తెలుస్తుంది, అదైనా టెస్ట్ చేశాకే.

కానీ భీష్ముడికి మీకు అసలు గమ్ము ఎందుకు? ఆయనకి తెల్ల విగ్గు ఉంటుంది, పైన కిరీటం ఉంటుంది, గడ్డం ఛాతీ నిండా ఉంటుంది. కట్టుకునే గడ్డం దొంగచాటుగా దాక్కోవడానికి ఇంతకంటే మంచి వేషం లేదు. దవడ ఆకారంలో వంచిన సన్నటి కమ్మీ మీద కుట్టించుకోండి, కొసలు చెవుల మీంచి పోయి విగ్గు కింద ముడి, చెవుల ముందు విగ్గులోంచి రెండు తెల్ల పాయలు గడ్డం మీదకి వదలండి, కలిసే చోటు ఎక్కడో హాల్లో ఎవ్వరికీ తెలీదు. మీసం ఒక్కటే సమస్య, అది కట్టుకోలేం, టేపు పడితే టేపు, పడకపోతే గడ్డానికే పైన కలిపి కుట్టించేసుకోండి, ముక్కు కింద నుంచి పట్టీ పోయేలా. దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది, హాల్లో తెలీదు. రెడీమేడ్ గడ్డాలు మగవాళ్ల దవడ కొలతకి చేస్తారు, మీకు పక్కలకి వెడల్పుగా నిలబడతాయి, కుట్టించేటప్పుడే కొలత ఇవ్వండి. కనుబొమ్మలు తెల్లగా చేయడం మర్చిపోవద్దు ప్లీజ్, తెల్ల గడ్డం మీద నల్ల కనుబొమ్మలు పెట్టుకున్న భీష్ముల్ని చూసీ చూసీ విసుగొచ్చింది.

మైకుకి: కాలర్ దగ్గర పెట్టారు కాబట్టే గడ్డం రాసుకుంది. నుదుటి మీద విగ్గు అంచు దగ్గర మైకు పెట్టమనండి, వైరు విగ్గు లోపల నుంచి వీపు మీదకి పోతుంది, నాటకాల్లో చాలామంది అలానే పెడతారు. టేపు అక్కడా మీ చర్మానికి తగలకుండా విగ్గుకే క్లిప్పు వేయించుకోండి. సౌండు అబ్బాయిని రిహార్సల్‌కి ఒక్కసారైనా గడ్డంతో పిలిపించండి, లేకపోతే ప్రోగ్రామ్ రోజు వచ్చి ఇదేంటి మేడమ్ అంటాడు.

ప్రశ్న: అన్నా నాకు నిజంగనే గడ్డం ఉంది, కానీ పొట్టిది. మా గల్లీల మండపం కాడ స్కిట్ చేస్తున్నం, నేను విశ్వామిత్రుని లెక్క రావాలె. ఉన్న గడ్డం మీద ఇంకో గడ్డం అతుకుతదా? గీకుడు మాత్రం నాతోని కాదు, పెండ్లిచూపులు ఉన్నయ్.
(రాంనగర్)

జవాబు: పెండ్లిచూపులంటే గీకమని నేనెందుకు చెప్తా తమ్మీ. గమ్ము చర్మానికి పట్టాలె, వెంట్రుకకి పట్టుకుంటే ఆగదు, ఇంక తీసేటప్పుడు నీ సొంత గడ్డం దాంతోని వస్తది. లిక్విడ్ లేటెక్స్ అయితే ఇంకా డేంజర్, వెంట్రుకల్ల ఎండిందంటే కత్తిరించుడే దిక్కు. అందుకని నువ్వు కట్టుకునే గడ్డమే తీస్కో, కానీ నీకున్న అడ్వాంటేజ్ ఎవ్వరికీ లేదు, అంచు నీది నిజందే! బుగ్గల మీద నీ గడ్డం అట్లనే ఉండనీ, పొడుగు గడ్డాన్ని దవడ కింద నుంచి మొదలయ్యేటట్టు కట్టు, బుగ్గ మీదకి అస్సలు రావొద్దు. రంగు ఒక్కటి కలవాలె. విశ్వామిత్రునికి నెరిసిన గడ్డం పెడుతున్నవు అంటే నీ గడ్డం మీద గూడ తెల్ల హెయిర్ కలర్ స్ప్రే లేదా తెల్ల పాన్‌కేక్ మేకప్ పాత టూత్‌బ్రష్‌తోని అద్దు, కడుక్కుంటే పోతది. మీసం నీదే చాలు, కొంచెం తెల్లగ చెయ్. మండపం కాడ దీపాలు, అగరబత్తులు, పటాకులు ఉంటయ్, పొడుగు సింథటిక్ గడ్డం వేసుకుని వంగి దండం పెట్టేటప్పుడు గడ్డం ఒక చేత్తో పట్టుకో, మునీశ్వరులు కూడా అట్లనే పట్టుకుంటరు, యాక్టింగ్‌లో కలిసిపోతది.

ప్రశ్న: ఆఫీసులో నన్నే శాంటాని చేశారు. లావుగా ఉన్నానని అట. ఆ గడ్డంతో కేక్ తినేదెట్లా?
(గచ్చిబౌలి)

జవాబు: తినకండి సార్, ముందే తినేసి వెళ్లండి. తాగాలంటే స్ట్రా. మీసం విడిగా ఉన్న సెట్టు కొంటే పై పెదవి బయటికి వస్తుంది, మాట వినపడుతుంది. కేకు మీద క్యాండిల్ ఊదేటప్పుడు పిల్లల్ని ఊదనివ్వండి, మీరు వంగొద్దు. భీష్ముడికి చెప్పిన కనుబొమ్మల మాట మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: అద్దెకి తెచ్చిన నెట్టు గడ్డం తిరిగి ఇస్తే అంచులు పాడయ్యాయని డిపాజిట్‌లో కోసేశారు. మేం జాగ్రత్తగానే తీశాం. తీయడానికి పద్ధతేమైనా ఉందా? ఈసారి సొంతది కొన్నాం, ఎన్నాళ్లు వస్తుంది?
(నాటక సమాజం సభ్యుడు, చిక్కడపల్లి)

జవాబు: జాగ్రత్తగా తీశామని అందరూ అంటారు కానీ చేసేది ఒకటే, నాటకం అయిపోయిన ఊపులో గడ్డం పట్టుకుని లాగేస్తారు. నెట్టు చిరిగేది అక్కడే. స్పిరిట్ గమ్ రిమూవర్‌ని చిన్న బ్రష్‌తో అంచు మీద అద్దాలి, ఒక నిమిషం ఆగాలి, నెట్టు తనంతట తాను లేస్తుంది, లేవకపోతే మళ్లీ అద్దాలి, గోరు పెట్టి గీకొద్దు. పెదవి దగ్గర, ముక్కు కింద రిమూవర్ వాసన కళ్లకి మంట కాబట్టి కళ్లు మూసుకోవాలి. గడ్డం వచ్చేశాక మొహం మీద మిగిలిన జిగటకి కొబ్బరినూనె రుద్ది తర్వాత సబ్బుతో కడుక్కోండి, గడ్డం మీద మాత్రం నూనె పడనివ్వొద్దు, నూనె పట్టిన నెట్టు తర్వాతిసారి అంటుకోదు.

షాపువాళ్లు కోసింది మీరు లాగినందుకా, అంతకుముందు వాళ్లెవరో లాగినందుకా అనేది ఇప్పుడు తేలదు. ఈసారి నుంచి అద్దెకి తీసుకునేటప్పుడే షాపు కౌంటర్ మీద నెట్టు అంచు ఫోన్‌తో దగ్గర నుంచి ఫొటో తీసుకోండి, వాళ్ల ఎదురుగానే.

సొంతదానికి సేవ ఇలా: నాటకం అయిన మర్నాడే, వారం ఆగకుండా, చిన్న గిన్నెలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి నెట్టు అంచు మాత్రం దాంట్లో ఉంచండి, కింద పాత తువ్వాలు పరిచి దాని మీద నెట్టు కిందికి వచ్చేలా పెట్టి పాత టూత్‌బ్రష్‌తో వెనక నుంచి తట్టండి, రుద్దొద్దు, తడితే గమ్ము తువ్వాలులోకి దిగుతుంది. కిటికీ తెరిచి, గ్యాస్ పొయ్యికి దూరంగా చేసుకోండి. వెంట్రుకలు షాంపూ నీళ్లలో ముంచి తీసి, షేపు ఉన్న దిక్కులో దువ్వి నీడలో ఆరబెట్టండి. దాచేటప్పుడు మడత పెట్టి కవర్లో కుక్కొద్దు, నెట్టుకి ఒకసారి మడత పడితే ఆ మడత బుగ్గ మీద కనపడుతుంది. థర్మాకోల్ తల ఒకటి తెచ్చుకుని దాని దవడకి గుండుసూదులతో గుచ్చి పెట్టండి, సూదులు నెట్టు కంతల్లోంచి పోవాలి, దారాల్లోంచి కాదు. దాని మీద పల్చటి కాటన్ గుడ్డ కప్పి బీరువాలో పెట్టండి, మన వానాకాలం తేమకి ప్లాస్టిక్ కవర్లో పెడితే వాసన పట్టేస్తుంది. ఎన్నాళ్లు వస్తుందంటే, మీ సమాజంలో గడ్డం తీసే పని ఒక్కరికే అప్పజెప్పి మిగతావాళ్ల చేతులు దాని మీద పడకుండా చూస్తే ఏళ్లు వస్తుంది, ఎవరికి వాళ్లు తీసుకుంటే సీజన్ కూడా రాదు.